మలుపు రాకముందే బ్రేకు: ఘాట్ రోడ్ల మీద మీ ప్రశ్నలు

కార్తీక మాసం మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి సెలవుల దాకా అరకు, లంబసింగి, మారేడుమిల్లి, శ్రీశైలం రోడ్ల మీద ఎక్కడ చూసినా బైకులే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఘాట్ రోడ్లకే ఇచ్చేశాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే భయం గురించి, మలుపులో బండి మన మాట వినడం లేదని. కాబట్టి ఆ ప్రశ్నకు ఎక్కువ చోటు తీసుకుంటున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: నాది 150 సీసీ బండి. సిటీలో ఏళ్ల తరబడి నడుపుతున్నాను, ఎప్పుడూ పడలేదు. పోయిన చలికాలం మా ఆవిడతో అరకు వెళ్తే ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కిన దగ్గర్నుంచి టెన్షనే. ముఖ్యంగా ఎడమ మలుపుల్లో బండి రోడ్డు మధ్యలోకి వెళ్లిపోతోంది. ఎదురుగా బస్సు కనపడగానే బ్రేకు నొక్కుతున్నాను, అప్పుడు బండి వంగడం మానేసి నిటారుగా లేచి ఇంకా బయటికి పోతోంది. లోపం బండిదా, టైర్లదా, నాదా? – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: టైర్లు మరీ అరిగిపోయి ఉంటే తప్ప లోపం బండిది కాదండీ. మీరు మలుపులోకి కాస్త ఎక్కువ వేగంతో వెళ్తున్నారు, వెళ్లాక ఆ సంగతి తెలుస్తోంది, తెలిశాక బ్రేకు పడుతున్నారు. ఘాట్ రోడ్ల మీద బైకు ప్రమాదాలు ఎక్కువగా ఈ వరసలోనే జరుగుతాయి. సిటీలో ఇది బయటపడదు, ఎందుకంటే అక్కడి మలుపులు సిగ్నల్ దగ్గరో సందు దగ్గరో ఉంటాయి, ఎలాగూ స్లో అయ్యే తిరుగుతాం.

ముందు ఒక లెక్క చెబుతాను, ఇది బుర్రలో కూర్చుంటే సగం పని అయినట్టే. 30 కిలోమీటర్ల వేగంతో హాయిగా తిరిగిన మలుపునే 40లో తిరిగితే పెరిగింది పదే కదా అనిపిస్తుంది. కానీ బండిని బయటికి నెట్టే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం రెండింతలైతే అది నాలుగింతలవుతుంది. అంటే 30 నుంచి 40కి వెళ్లేసరికే ఆ బలం దాదాపు 1.8 రెట్లు. 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న గట్టి మలుపులో 30 వేగానికి బండి సుమారు 20 డిగ్రీలు వంగితే చాలు, 40 వేగానికి 32 డిగ్రీల దాకా వంగాలి. అలవాటు లేనివాళ్లకు 20 డిగ్రీల దగ్గరే పడిపోతామేమో అనిపిస్తుంది, ఇక అంతకు మించి వంచరు. వంచకపోతే బండి బయటికి పోక ఏం చేస్తుంది?

రెండోది టైరు పట్టు. అది నెల జీతంలాంటిది, ఉన్నదే అంత, బ్రేకుకు ఎంత ఖర్చు పెడితే మలుపు తిరగడానికి అంత తగ్గుతుంది. వంగి ఉన్న బండికి ముందు బ్రేకు గట్టిగా పడితే రెండు జరగొచ్చు. బండి మీరు రాసినట్టు నిటారుగా లేచి తిన్నగా పోతుంది, లేదా ముందు చక్రం జారి కింద పడతారు. ఏబీఎస్ ఉంది కదా అని ధీమా పడొద్దు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ అది తప్పనిసరి చేశారు, మంచిదే, కానీ మామూలు ఏబీఎస్ తిన్నగా వెళ్తున్నప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూస్తుందే గానీ బండి ఎంత వంగి ఉందో దానికి తెలియదు. వంపును కూడా లెక్క వేసుకునే ఏబీఎస్ ఖరీదైన బండ్లకే వస్తోంది. పైగా 150 సీసీ బండ్లలో చాలావాటికి ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్ ఉంటుంది, మీది ఏదో ఒకసారి చూసుకోండి.

కాబట్టి పని మొత్తం మలుపు ముందే జరిగిపోవాలి. రోడ్డు తిన్నగా ఉండగానే, బండి నిటారుగా ఉండగానే రెండు బ్రేకులూ కలిపి వేగం తగ్గించండి, గేరు దించండి, క్లచ్ పూర్తిగా వదిలేయండి. ఆ తర్వాతే బండి వంచండి. మలుపు మొత్తం యాక్సిలరేటర్ చాలా కొద్దిగా పట్టి ఉంచాలి, వేగం పెరగడానికి కాదు, బండి కుదురుగా ఉండటానికి. అవతల రోడ్డు కనపడ్డాక నెమ్మదిగా రేజ్ ఇచ్చుకోండి. మలుపులోకి వెళ్లాక ‘అబ్బే, మరీ స్లోగా వచ్చానే’ అనిపిస్తే నష్టం లేదు. ‘స్పీడుగా వచ్చేశానే’ అనిపిస్తేనే ప్రమాదం.

ఎంత వేగంతో వెళ్లాలో ఎలా తెలుస్తుందని అడుగుతారు. ఏ మలుపులోనైనా దూరంగా చూస్తే రోడ్డు ఎడమ అంచు, కుడి అంచు కలిసిపోయినట్టు కనిపించే చోటు ఒకటి ఉంటుంది. మీరు ముందుకు వెళ్తున్నకొద్దీ ఆ చోటు కూడా దూరం జరుగుతుంటే మలుపు విప్పుకుంటోందని అర్థం. అక్కడే ఆగిపోయి మీ దగ్గరికి వచ్చేస్తున్నట్టు ఉంటే మలుపు బిగుస్తోంది, వేగం వెంటనే తగ్గించాలి. ఆ చోటు దాకా ఎంత రోడ్డు కనపడుతోందో అంతలో బండి ఆగగలగాలి. పొడి రోడ్డు మీద 40 వేగంలో ఉన్న బండి, మీరు ప్రమాదం చూసి బ్రేకు మీద చెయ్యి వేయడానికి పట్టే ఒక సెకనుతో కలిపి, ఆగడానికి సుమారు 22 మీటర్లు కావాలి. 60లో ఉంటే 40 మీటర్లు. దిగుడులో ఇంకా ఎక్కువ, తడిలో చాలా ఎక్కువ. అనంతగిరి దగ్గర కాఫీ తోటల మధ్య కొన్ని మలుపుల్లో 20 మీటర్ల అవతల ఏముందో కనపడదు.

ఇక ఎడమ మలుపు. ఎడమ మలుపుకు ముందే ఎడమ అంచుకు అతుక్కుపోతే అవతల ఏముందో కనపడదు, పైగా తొందరపడి ముందే బండి తిప్పేస్తాం, దాంతో మలుపు చివర్లో రోడ్డు మధ్యకు వచ్చేస్తాం. మీకు జరుగుతున్నది ఇదే. ఎడమ మలుపుకు వెళ్లేటప్పుడు మన సగంలోనే కాస్త కుడిగా, మధ్య గీతకు ఎడం ఉంచి వెళ్లండి, ఎదురు బండి వస్తుంటే ఇంకాస్త ఎడమకు. అవతల దారి కనపడేదాకా బండి వంచకండి. కుడి మలుపులో దీనికి తిరగేసి, ఎడమ వైపే ఉండండి. ఎందుకంటే కుడికి వంగినప్పుడు చక్రం మన వైపే ఉన్నా మన తల, భుజం మధ్య గీత దాటి అవతలి వైపు ఉంటాయి, ఎదురొచ్చే లారీ అద్దం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. ఈ సంగతి చాలామందికి తట్టదు.

చూపు గురించి ఒక మాట. బస్సును చూస్తూ ఉంటే బండి బస్సు వైపే పోతుంది, లోయ అంచున పిట్టగోడను చూస్తే అటే పోతుంది. భయం వేసిన దాని మీద కళ్లు అతుక్కుపోవడం మనిషి సహజం, కాబట్టి ఊరికే అనుకుంటే సరిపోదు, అలవాటు చేసుకోవాలి. గడ్డం తిప్పి మలుపు చివరి వైపు చూడండి, కళ్లు మాత్రమే కాదు, తల మొత్తం తిప్పాలి. అప్పటికీ వేగం ఎక్కువైందనిపిస్తే ముందు బ్రేకు గుంజకుండా, ఎడమ మలుపైతే హ్యాండిల్ ఎడమ పిడిని ముందుకు నెట్టండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ వేగంలో ఉన్న బండి ఎడమ పిడిని ముందుకు నెడితే ఎడమకే వంగుతుంది. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద 30 వేగంలో మెల్లగా నెట్టి చూడండి, చేతికి తెలుస్తుంది. అక్కడ చేతికి అలవాటైతేనే కొండ మీద అవసరం వచ్చినప్పుడు చెయ్యి ఆ పని చేస్తుంది. మామూలు బండి కూడా మనం భయపడేదానికంటే చాలా ఎక్కువ వంగగలదు.

ఇంకొకటి, మీ ఆవిడను కూడా ఇందులో కలుపుకోండి. మలుపులో వెనక కూర్చున్నవాళ్లు భయపడి రెండో వైపుకు ఒరిగితే బండి తిరగదు. మలుపు ఎటు ఉంటే అటు వైపు భుజం మీదుగా రోడ్డును చూడమని చెప్పండి, ఒళ్లు దానంతటదే బండితో పాటు వంగుతుంది.

ప్రశ్న: నాకు గేర్లు లేని స్కూటీ ఉంది. అమ్మను ఎక్కించుకుని తిరుమల వెళ్లి దర్శనం అయ్యాక దిగుతుంటే సగం దూరంలో బ్రేకు లివర్ పిడి దాకా వచ్చేసింది, కాలిన వాసన వచ్చింది. ఎలాగో పక్కన ఆపాను. కిందికి వచ్చాక మెకానిక్ చూసి బ్రేకులు బాగానే ఉన్నాయన్నాడు. మరి అలా ఎందుకు జరిగింది? – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆగి చాలా మంచి పని చేశారమ్మా. మెకానిక్ చెప్పింది కూడా నిజమే, ఆయన చూసేసరికి బ్రేకులు చల్లారిపోయాయి.

బ్రేకు చేసే పని బండి వేగాన్ని వేడిగా మార్చడం. సిటీలో ఒకసారి పట్టి వదిలేస్తాం, ఆ వేడి గాలికి పోతుంది. కొండ దిగేటప్పుడు ఇద్దరు మనుషుల బరువును కిలోమీటర్ల తరబడి బ్రేకు మీదే దించితే వేడి పోయే సందు ఉండదు. డ్రమ్ము వేడికి వ్యాకోచించి లివర్ లోపలికి వచ్చేస్తుంది, లైనింగ్ పట్టు తప్పుతుంది. డిస్క్ బ్రేకు అయితే ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలు చేరతాయి, అప్పుడు లివర్ స్పాంజిలా మెత్తగా దిగిపోతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి, తేమ చేరాక ఆ ప్రమాణం 155కి పడిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. మనవాళ్లు ఇంజన్ ఆయిల్ మారుస్తారు గానీ దీన్ని పట్టించుకోరు.

గేరు బండి ఉన్నవాళ్లకు రెండో గేరులో వేసుకుంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. మీ స్కూటీలో ఆ సాయం తక్కువ, అసలు చిక్కు ఏమిటంటే వేగం బాగా తగ్గినప్పుడు లోపలి క్లచ్ విడిపోయి ఇంజన్‌కూ చక్రానికీ సంబంధం తెగిపోతుంది. అప్పుడు బండి న్యూట్రల్‌లో దొర్లుతున్నట్టే, మొత్తం భారం బ్రేకుదే. మీరు జాగ్రత్తగా మరీ నెమ్మదిగా దిగి ఉంటారు, అందుకే ఇంకా త్వరగా వేడెక్కింది. దారి తిన్నగా ఉన్న చోట, బండి ఖాళీగా దొర్లుతున్నట్టు అనిపించినప్పుడు చాలా కొద్దిగా రేజ్ ఇచ్చి వదిలేయండి, క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది, ఇంజన్ కాస్త వెనక్కి లాగుతున్నట్టు తెలుస్తుంది. పూర్తిగా సరిపోదు గానీ బ్రేకుకు కొంత ఊపిరి ఇస్తుంది.

బ్రేకును అదే పనిగా సగం నొక్కి ఉంచకండి. మలుపు ముందు రెండూ కలిపి కాస్త గట్టిగానే పట్టి, కావలసినంత తగ్గాక పూర్తిగా వదిలేయండి, మళ్లీ అవసరం వచ్చేదాకా ముట్టుకోవద్దు. లివర్ మామూలుకంటే కొంచెం లోపలికి వస్తోందనిపించినా సరే రోడ్డు వెడల్పుగా ఉన్న చోట పక్కకు తీసి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగండి. నీళ్లు పోయొద్దు, చేత్తో ముట్టుకోవద్దు.

తిరుమలలో మనం ఎక్కే దారి, దిగే దారి వేరు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. కిందికి 40 నిమిషాలకంటే ముందే చేరకూడదని నిబంధన పెట్టారు, లెక్క వేస్తే సగటున గంటకు 30 కిలోమీటర్లు కూడా దాటదు. చాలామంది పైన వేగంగా దిగేసి కింద గేటు ముందు ఆగి టైము గడుపుతారు. ఆ ఆగేదేదో మధ్యలో ఆగితే బ్రేకులు చల్లారతాయి, అమ్మ నడుం కూడా కాస్త తేలికపడుతుంది.

ప్రశ్న: దిగుడులో ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుంది కదా, మా ఊళ్లో అందరూ అలాగే దిగుతారు. తప్పేముంది? – ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: తప్పే, ప్రాణం మీదికి తెచ్చే తప్పు. మీరు రోజూ తిరిగే రోడ్డు కాబట్టి ఇన్నాళ్లూ గడిచింది. తాళం తిప్పేస్తే ఇంజన్ పట్టు పోవడమే కాదు, హారన్ పోతుంది, లైటు పోతుంది, ఏబీఎస్ ఉంటే అదీ పోతుంది. మలుపులో అవసరమై గేరు వేద్దామంటే ఆ వేగానికి ఏ గేరు సరిపోతుందో తెలియదు, తప్పు గేరు పడితే వెనక చక్రం జారుతుంది. పెట్రోలు సంగతికి వస్తే, 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 (పొగ ప్రమాణాల) బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే, అంటే పెట్రోలును ఎలక్ట్రానిక్‌గా కొలిచి పంపేవి. వాటిని గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, వేగం మరీ తగ్గేదాకా ఇంజన్‌కు పెట్రోలు సరఫరా దానంతటదే ఆగిపోతుంది. అంటే ఇంజన్ నడుస్తూ న్యూట్రల్‌లో దిగేదానికంటే గేరులో దిగితేనే పెట్రోలు తక్కువ ఖర్చు. లారీ డ్రైవర్లు ఎప్పటినుంచో చెప్పే మాట పాటించండి, ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు.

ప్రశ్న: మా కాలేజీ ఫ్రెండ్స్ అందరం హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్దామనుకుంటున్నాం. అందరివీ పెద్ద బండ్లు, నాది 125. నేను వెనకబడిపోతాను, వాళ్లు వెయిట్ చేయరు, వాళ్లను అందుకోవాలని గట్టిగా తోలాల్సి వస్తుంది. సాయంత్రం గేటు టైముకు రావాలని వాళ్లు ఇంకా కంగారు పెడతారు. ఏం చేయమంటారు? – ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివాక నీ ఫ్రెండ్స్ అందరికీ విడివిడిగా ఒకటి రాయాలనిపించింది. ఇది వాళ్లకు చూపించు.

గుంపులో అందరికంటే అనుభవం తక్కువ ఉన్నవాడు చివర్లో ఉండకూడదు. దారి తెలిసినవాడు ముందు, వాడి వెనకే నువ్వు. బాగా కుదురుగా నడిపేవాడు అందరికంటే చివర. అప్పుడు ముందున్నవాడు అద్దంలో నిన్ను చూసుకుంటూ నీకు వీలైన వేగంలోనే వెళ్తాడు, నీకు కూడా వాడు ఎక్కడ బ్రేకు వేశాడో, మలుపులోకి ఎంత వేగంతో వెళ్లాడో కళ్లెదుట కనిపిస్తుంది. కానీ వాడి వెనక లైటునే చూస్తూ నడపకు, వాడు తప్పు చేస్తే నువ్వూ అదే తప్పు చేస్తావు. నీ రోడ్డు నువ్వు చూసుకో. ఘాట్‌లో ఒకరి వెనక ఒకరే, పక్కపక్కన వద్దు, మధ్యలో కనీసం మూడు సెకన్ల ఎడం ఉండాలి. దారి చీలే ప్రతి చోటా వెనకవాడు కనపడేదాకా ముందువాడు ఆగాలి. ఈ ఒక్క నియమం ఉంటే ఎవరూ ఎవర్నీ అందుకోనక్కర్లేదు.

గేటు గురించి. మన్ననూరు వైపు, దోర్నాల వైపు అడవిలో రాత్రి 9 తర్వాత బండ్లు వెళ్లనివ్వరు, పొద్దున 6కి మళ్లీ తెరుస్తారు. పులుల అభయారణ్యం కాబట్టి ఆ నిబంధన ఉండాల్సిందే. కానీ దర్శనం, డ్యామ్, ఫొటోలు అన్నీ అయ్యాక ఏడున్నరకు బయలుదేరి ‘గేటు వేసేస్తారు’ అంటూ చీకట్లో మలుపుల్లో దూసుకెళ్లే బండ్లు అక్కడ మామూలే. గేటు మూసే గంట చూసుకుని వెనక్కి లెక్క వేయకండి. చీకటి పడేసరికి అడవి దాటి ఉండేలా చూసుకోండి. అలా కుదరదంటే రాత్రి శ్రీశైలంలోనే సత్రంలో పడుకోండి, పొద్దున బయలుదేరండి. ఒక రాత్రి గది అద్దె పంచుకుంటే ఎవరికీ భారం కాదు.

దోమలపెంట దాటాక డ్యామ్ దగ్గరికి దిగే మలుపులు, అటు వైపు మళ్లీ ఎక్కే మలుపులు చాలా గట్టివి, అక్కడ మీ పెద్ద బండ్లకూ నీ 125కూ తేడా ఏమీ ఉండదు. కోతులు రోడ్డు మీదే కూర్చుంటాయి, ఎవరో కారు ఆపి అరటిపండ్లు విసిరితే గుంపుగా అడ్డం పడతాయి. ఆగి ఉన్న కారు కనపడితే దాని ముందు కోతి ఉందనుకునే వెళ్లండి.

ప్రశ్న: లంబసింగి వెళ్లాలి. తెల్లవారుజామున మంచులో బైకు మీద వెళ్లొచ్చా? – ఒక పాఠకురాలు, నర్సీపట్నం

జవాబు: వెళ్లొచ్చు, కానీ చీకట్లో ఘాట్ ఎక్కేలా కాదు. చెరువులవేనం దగ్గర మేఘాల మధ్య సూర్యోదయం చూడాలని అందరూ రాత్రి మూడింటికో నాలుగింటికో బయలుదేరతారు, అన్నిటికంటే దట్టమైన మంచు, అన్నిటికంటే ఎక్కువ నిద్రమత్తు, అన్నిటికంటే ఎక్కువ చలి ఆ గంటలోనే ఉంటాయి. వీలుంటే ముందు రోజు మధ్యాహ్నమే పైకి చేరుకుని అక్కడే ఉండండి, పొద్దున కొద్ది దూరమే వెళ్లాల్సి వస్తుంది.

మంచులో హై బీమ్ వేస్తే వెలుగు మంచు బిందువుల మీద పడి మన కళ్లలోకే తిరిగి వస్తుంది, లో బీమ్‌లోనే వెళ్లండి. హెల్మెట్ అద్దం ఊపిరికి మసకబారుతుంది, కొద్దిగా తెరిచి ఉంచండి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, ఇది సౌకర్యం కోసం చెప్పడం లేదు, వేళ్లు కొయ్యబారిపోతే బ్రేకు మీద పట్టు ఉండదు. ఏమీ కనపడకపోతే రోడ్డు అంచున ఆగొద్దు, రోడ్డు దిగి బాగా లోపలికి తీసి ఆపండి. ఫొటో కోసం మలుపులో బండి ఆపేవాళ్లు మాత్రం దయచేసి ఆ పని మానేయండి, వెనక వచ్చేవాడికి మీరు మంచులో నాలుగడుగుల దూరం దాకా కనపడరు.

మంచు పడ్డ రోడ్డు వాన పడ్డట్టే జారుతుంది. తెల్ల గీతలు, ఎండుటాకులు, కొండ వైపు నీళ్లు ఊరే చోట పాకుడు, వీటి మీద ఉండగా బండి వంచొద్దు, బ్రేకు పట్టొద్దు. ఏజెన్సీ ఊళ్ల దగ్గర కోతల సీజన్‌లో రోడ్డు మీదే గింజలు ఆరబోస్తారు. అది చూసి చిరాకు పడి పక్కనుంచి దూసుకెళ్లకండి, వాళ్లకు అంత చదునైన చోటు ఇంకోటి లేదు, గింజల మీద టైరు ఇసుక మీద కంటే ఘోరంగా జారుతుంది.

ఒక బస్సు డ్రైవర్ రాసిన ఉత్తరం: ఇది ప్రశ్న కాదు సార్, విన్నపం. నేను మారేడుమిల్లి–చింతూరు ఘాట్‌లో బస్సు తోలతాను. హెయిర్‌పిన్ తిరగాలంటే మాకు రోడ్డు మొత్తం కావాలి. నేను కుడికి తీసి ఎడమకు తిప్పుతుంటే ఖాళీ దొరికింది కదా అని బైకుల పిల్లలు ఎడమ పక్క సందులోంచి దూరతారు. నాకు అద్దంలో కనపడరు. ఎన్నిసార్లు గుండె ఆగినంత పని అయిందో. మీ పుస్తకంలో వేయండి.

జవాబు: వేస్తున్నాను అన్నా, అక్షరం మార్చకుండా. బైకు నడిపేవాళ్లకు నేను కలిపేది ఇంతే. బస్సు ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెనక చక్రాలు రావు, మలుపు లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. మీకు కనపడిన ఆ ఖాళీ సందు మరుక్షణం వెనక చక్రం వచ్చే చోటు. బస్సు వెనక ఉంటే మలుపు పూర్తయ్యేదాకా వెనకే ఉండండి. ఎదురుగా బస్సు వస్తుంటే మలుపులోకి వెళ్లకుండా ముందే, తిన్నగా ఉన్న చోట ఆగి దారి ఇవ్వండి. ఇరుకు దారిలో దిగే బండి ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలని మన మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, ఎందుకంటే ఎక్కుడులో బరువుతో ఆగిన బండిని మళ్లీ కదిలించడం కష్టం. కళ్లకు కనపడని ప్రతి మలుపు ముందూ ఒక హారన్ కొట్టండి, హారన్ కొట్టి చెవి అటు పెట్టండి. చాలామంది కొట్టడమే గానీ అవతలి హారన్ వినరు. చెవుల్లో పాటలు పెట్టుకుని ఘాట్ ఎక్కేవాళ్లకు అది వినపడే దారే లేదు.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. 400 సీసీ బండి కొనమంటున్నాడు, అరకు, మారేడుమిల్లి తిరగాలట. కొనొచ్చా? జాకెట్, బూట్లు అంటూ ఇంకో లిస్టు ఇచ్చాడు. – ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: బండి సంగతి తర్వాత చూద్దాం సార్, ముందు ఆ లిస్టును చిన్నచూపు చూడకండి. జాకెట్, బూట్లు అడిగే కుర్రాడు పడతామని ఒప్పుకున్నవాడు, అది మంచి లక్షణం. బడ్జెట్ ఒకటే అయితే బండి సైజు తగ్గించి రక్షణ సామాన్లు పూర్తిగా కొనమని నా సలహా. 150 నుంచి 200 సీసీ బండి మన ఘాట్‌లకు ధారాళంగా సరిపోతుంది, తేలిగ్గా వంగుతుంది, తప్పు చేసినా దిద్దుకునే వ్యవధి ఇస్తుంది. 400 సీసీ బండి రెండు మలుపుల మధ్య ఉన్న చిన్న తిన్నని దారిలోనే 80కి వెళ్లిపోతుంది, అక్కడినుంచి 25కి దించడం కొత్తవాళ్లకు పెద్ద పని. ఒకటి రెండేళ్లు చిన్న బండి మీద కొండలు తిరిగాక అప్పుడు కొనివ్వండి.

హెల్మెట్ మాత్రం మీరే దగ్గరుండి కొనండి. ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 4151 అని ఉండాలి, రోడ్డు పక్కన గుట్టలుగా పోసి అమ్మేవి వద్దు. పెట్టుకుని పట్టీ బిగించాక వెనక అంచు పట్టుకుని ముందుకు తోసి చూడండి, తల మీంచి ఊడి వచ్చేట్టు ఉంటే అది వాడి సైజు కాదు. పక్కలకు తిప్పితే బుగ్గల చర్మం కూడా దాంతో పాటు కదలాలి. వెనక కూర్చునేవాళ్లకు కూడా ఇలాంటిదే ఇంకోటి కొనండి, మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ఇద్దరికీ వర్తిస్తుంది. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి థర్మాకోల్ పొర నలిగిపోయి ఉంటుంది, దాన్ని పారేసి కొత్తది కొనాలి. సెకండ్ హ్యాండ్ బండి కొంటే దాంతో పాటు ఊరికే ఇచ్చే పాత హెల్మెట్‌ను కూడా అందుకే వాడొద్దు.